మన మాటల పెట్టెకు తాళం ఎవరి దగ్గర ఉంది?

విభాగంలో అందరికీ తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. కోలారు జిల్లా తెలుగు మాటలను మనం పోయిన ఏడాది నుంచి పోగు చేస్తున్నాం. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట వైపు నుంచి వచ్చే అక్కలు ఊరికి పోయినప్పుడల్లా రాసుకొస్తున్నారు. కేజీఎఫ్‌లో ఉండే మాలాంటి వాళ్లం రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీధుల్లో అడిగి రాస్తున్నాం. మనకంటే చాలా ముందు బ్యాచ్ అక్కలు కూడా ఇదే పని చేసినారనీ, ఆ జాబితా ఒక సీడీలో ఉందనీ తెలిసినప్పుడు ఎంత సంతోషపడ్డామో, దాన్ని తెరిచినాక అంత దిగులుపడ్డాం. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు. వెతికినా ఒక్క తెలుగు అక్షరం లేదు.

కారణం తర్వాత తెలిసింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉన్నా, మన డీటీపీ సెంటర్ల దాకా అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతదాకా ఒక్కో కంపెనీ తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తన ఇష్టమొచ్చినట్టు సర్దుకునేది. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటేనే 'అ' మనకు 'అ'గా కనిపిస్తుంది. మాటలు అవ్వలవి, రాసింది అక్కలు, చదివే వీలు మాత్రం ఎవరో అమ్మిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులో ఉండిపోయింది. అదృష్టం కొద్దీ బీరువా అడుగున ఒక ప్రింటు కాపీ దొరికింది. దాన్ని చూసి మళ్లీ టైపు చేస్తున్నాం.

ఈసారి ఇట్ల కాకూడదని విభాగంలో మాట్లాడుకున్న రోజు నేను లేచి గట్టిగానే చెప్పినాను: "ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లో పెడితే సరి కదా మేడం. అది ఉచితం. ఎవరి సొత్తూ కాదు. ఎవరూ తాళం వేయలేరు." మేడం నవ్వి, "నువ్వు చెప్పిన మూడు మాటల్లో ఎన్ని నిజం? చదివి గోడపత్రికకు రాయి" అన్నారు. చదివినాను. మూడింటిలో ఏదీ పూర్తిగా నిజం కాదు. ఎందుకు కాదో రాస్తున్నాను.

ఉచితమా, స్వేచ్ఛా?

ముందు డేటాబేస్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. మన జాబితాలో ఒక వరుసకు ఒక మాట. దాని పక్కన అర్థం, ఏ ఊరు, ఎవరు చెప్పినారు, కన్నడంలో ఏమంటారు అనే గళ్లు. ఇట్లాంటి పట్టికలను పద్ధతిగా దాచి, అడిగినప్పుడు వెతికి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. లైబ్రరీ కేటలాగు వెనుక, రైలు టికెట్టు వెనుక, మన మార్కుల జాబితా వెనుక ఉండేది అదే. అంటే రెండు వేరు వేరు వస్తువులు ఉన్నాయి: దాచే పెట్టె ఒకటి, అందులో దాచిన సరుకు ఇంకొకటి. వాడుకలో రెండింటినీ డేటాబేస్ అనే అంటారు, నేను పడిన తికమక సగం అక్కడిదే.

ఇక లైసెన్సు. సాఫ్ట్‌వేర్‌ను మనం కొన్నా, ఊరికే దించుకున్నా, అది మన సొంతం కాదు. దాన్ని ఏమేం చేయవచ్చో రాసిచ్చిన అనుమతి మాత్రమే మనకు వస్తుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ ఈ అనుమతిని తిరగేసి వాడుకోవాలని అనుకున్నాడు. నడపవచ్చు, లోపలి కోడ్ చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అని రాసిచ్చే సాఫ్ట్‌వేర్ కావాలని గ్నూ అనే పని మొదలుపెట్టినాడు. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఆ ఆలోచనకు చట్టరూపం. దాన్ని ఆయన ఇంగ్లీషులో 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అన్నాడు. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటకే రెండు అర్థాలు ఉండడంతో, ఊరికే వచ్చేది కాదు, స్వాతంత్ర్యం గురించి అని నలభై ఏళ్లుగా విడమరిచి చెప్పుకోవాల్సి వస్తోంది. మనకు ఆ కష్టం లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపేవాళ్లు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకున్నారు, తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తయారుచేసినారు. ఒక భాషకున్న ఇబ్బంది ఇంకో భాషలో అసలు పుట్టకపోవడం నాకు భలే నచ్చింది.

'ఓపెన్ సోర్స్' అనే పేరు 1998లో వచ్చింది. అదే ఏడాది ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ మొదలై, ఏ లైసెన్సును ఓపెన్ సోర్స్ అనవచ్చో పది షరతులు రాసింది. వాటిలో ఆరోది గుర్తుపెట్టుకోండి, దానితో ముందు పని ఉంది: ఫలానా పనికి వాడకూడదని ఆంక్ష పెట్టకూడదు. వ్యాపారానికి వాడకూడదు అన్నా అది ఓపెన్ సోర్స్ కాదు.

ఎవరి సొత్తూ కాదా?

నా రెండో మాట ఇది. ఇది పూర్తిగా తప్పు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు యజమాని ఉంటాడు, కాపీరైటు ఉంటుంది. కాపీరైటు ఉంది కాబట్టే లైసెన్సు షరతుకు బలం.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో రెండు వంశాలు చూస్తే ఇది తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పరిశోధన. ఈనాటి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లైసెన్సు అర పేజీ కూడా ఉండదు. ఏమైనా చేసుకోండి, ఈ కాపీరైటు గమనిక మాత్రం తీసేయకండి, పాడైతే మమ్మల్ని అడగకండి. అంతే. దాన్ని తీసుకొని మూసేసి అమ్ముకున్నా తప్పు లేదు.

మైఎస్‌క్యూఎల్ కథ వేరు. 1995లో స్వీడన్‌లో పుట్టింది, 2000లో జీపీఎల్ కిందకు వచ్చింది. జీపీఎల్ షరతు ఏమిటంటే, నువ్వు మార్చి ఇంకొకరికి ఇస్తే, నీ మార్పుల కోడ్ కూడా ఇదే లైసెన్సుతో ఇవ్వాలి. అది ఇష్టం లేని కంపెనీలకు అదే సాఫ్ట్‌వేర్‌ను వేరే లైసెన్సుతో డబ్బుకు అమ్మేవాళ్లు. కాపీరైటు మొత్తం ఒకే కంపెనీ చేతిలో ఉంది కాబట్టి అట్ల రెండు తలుపులు పెట్టగలిగినారు. 2008లో ఆ కంపెనీని సన్ మైక్రోసిస్టమ్స్ దాదాపు 100 కోట్ల డాలర్లకు కొంది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొంది. ఒరాకిల్ అసలు వ్యాపారమే డబ్బుకు డేటాబేస్ అమ్మడం. మైఎస్‌క్యూఎల్ రాసిన వాళ్లలో ఒకడైన మైకేల్ విడేనియస్ ఇది ముందే పసిగట్టి, 2009లో అదే కోడ్ తీసుకొని మరియాడీబీ అని వేరు కాపురం పెట్టినాడు. జీపీఎల్ ఉంది కాబట్టి ఆయన్ను ఎవరూ ఆపలేకపోయినారు. మొదటి కూతురు పేరు 'మై', ఆమె పేరు మీద మైఎస్‌క్యూఎల్. రెండో కూతురు మరియా, ఆమె పేరు మీద మరియాడీబీ. పెద్దకూతుర్ని అత్తారింటికి పంపించి, చిన్నకూతురితో ఉండిపోయిన తండ్రి కథలాగా ఉంటుంది వింటే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి. కోడ్ ఆయన తీసుకుపోగలిగినాడు, పేరు తీసుకుపోలేకపోయినాడు. లైసెన్సు కోడ్‌ను తెరుస్తుంది, పేరును తెరవదు. ఈ సంగతి లైబ్రరీల దగ్గర మళ్లీ వస్తుంది.

తవ్వుకుపోయేవాళ్లు

జీపీఎల్‌లో ఒక సందు ఉంది. మార్చి 'ఇంకొకరికి ఇస్తేనే' కోడ్ చూపించాలి. 1989లో సాఫ్ట్‌వేర్ అంటే ఫ్లాపీలో పెట్టి ఇచ్చేది కాబట్టి అది సరిపోయింది. ఇప్పుడు ఎవరూ ఏమీ ఇవ్వరు. సాఫ్ట్‌వేర్ పెద్ద కంపెనీ కంప్యూటర్లలో నడుస్తుంది, మనం ఫోన్లో దాని ఫలితం మాత్రం చూస్తాం. కాపీ మన చేతికి రాదు కాబట్టి కోడ్ చూపించే బాధ్యతా రాదు. ఈ సందు మూయడానికి 2007లో ఏజీపీఎల్ వచ్చింది. నెట్‌వర్క్ మీద వాడనిచ్చినా, నువ్వు మార్చిన కోడ్ వాడేవాళ్లకు అందివ్వాలి అంటుంది అది.

అదీ చాలలేదు అన్నారు మాంగోడీబీ వాళ్లు. 2009లో ఏజీపీఎల్‌తో వచ్చిన డేటాబేస్ ఇది. వాళ్ల బాధ ఏమిటంటే, తయారుచేసేది మేము, అద్దెకు తిప్పి సంపాదించేది క్లౌడ్ కంపెనీలు. 2018 అక్టోబరులో ఎస్‌ఎస్‌పీఎల్ అనే సొంత లైసెన్సు రాసుకున్నారు. దీన్ని సర్వీసుగా అమ్మేవాడు, ఆ సర్వీసు నడపడానికి వాడే మొత్తం సాఫ్ట్‌వేర్ కోడ్‌ను బయటపెట్టాలని షరతు. ఏ పెద్ద కంపెనీ అయినా అది చేయదని వాళ్లకూ తెలుసు. ఒక పనిని వేరు చేసి అడ్డుకున్నట్టే కాబట్టి ఇది ఓపెన్ సోర్స్ కాదని అభ్యంతరాలు వచ్చినాయి. 2019లో మాంగోడీబీ తన దరఖాస్తు వెనక్కి తీసుకుంది. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలు దాన్ని తమ జాబితా నుంచి తీసేసినాయి. తమాషా ఏమిటంటే 2019 జనవరిలోనే అమెజాన్ మాంగోడీబీలాగే మాట్లాడే వేరే డేటాబేస్‌ను సర్వీసుగా తెచ్చింది. లైసెన్సు కోడ్‌ను కాపాడింది గానీ అనుకరణను ఆపలేకపోయింది.

తర్వాత ఇదే కథ మళ్లీ మళ్లీ. ఎలాస్టిక్ 2021లో లైసెన్సు మార్చింది, అమెజాన్ పాత కోడ్‌తో ఓపెన్‌సెర్చ్ మొదలుపెట్టింది. రెడిస్ 2024 మార్చిలో మార్చింది, అదే నెలలో లినక్స్ ఫౌండేషన్ కింద వాల్కీ అనే పేరుతో పాత కోడ్ వేరుపడింది. ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్‌ను కూడా ఒక ఎంపికగా ఇచ్చి మళ్లీ ఓపెన్ సోర్స్ గుమ్మంలోకి వచ్చినాయి.

మన ఊళ్లో ఉండి ఇది చదువుతుంటే గనులు గుర్తుకు రాకుండా ఉండవు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ ఇక్కడ పని చేతికి తీసుకుంది. నేల మైసూరు సంస్థానానిది, తవ్వే లీజు కంపెనీది, సంస్థానానికి రాయల్టీ, లోపలికి దిగింది మన తాతలు. 2001 ఫిబ్రవరి 28న బీజీఎంఎల్ మూతపడినప్పుడు మనకు మిగిలింది సైనైడ్ దిబ్బలు. మాంగోడీబీ వాళ్లు అడిగింది కూడా ఒక రకం రాయల్టీయే అని మొదట అనిపించి, నేను పూర్తిగా వాళ్ల పక్షాన ఉండినాను.

తర్వాత రెండు సంగతులు నన్ను కొంచెం వెనక్కి లాగినాయి. ఒకటి, బంగారం తవ్వితే తగ్గుతుంది, కోడ్ తగ్గదు. ఎవరో వాడుకున్నంత మాత్రాన రాసినవాడి దగ్గర ఉన్నది పోదు. పోయేది రాబడి. రెండు, ఆ కోడ్ అంతా కంపెనీ జీతగాళ్లే రాయలేదు. రెడిస్‌ను 2009లో మొదలుపెట్టిన ఇటలీ ప్రోగ్రామర్ సాల్వతోరే సాన్‌ఫిలిప్పో తర్వాత, బయటివాళ్లు కూడా చాలామంది జీతం లేకుండా రాసి పంపినారు. వాళ్లు పంపింది ఒక లైసెన్సును నమ్మి. కంపెనీ తర్వాత ఇంకో లైసెన్సుకు మారింది. చట్టప్రకారం మారవచ్చు, రెడిస్ మొదటి లైసెన్సు బీఎస్‌డీ అంత వెసులుబాటు ఇచ్చేదే. అయినా పంపినవాళ్లకు కోపం రాదా? అయితే వాళ్లకు ఒక దారి మిగిలింది. ఒకసారి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన పాత కోడ్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. వాల్కీ నిలబడింది ఆ నేల మీదే. మన సీడీకి లేనిది ఇదే.

కోహా, న్యూజెన్‌లిబ్

మనకు దగ్గరగా ఉండే ఉదాహరణలు లైబ్రరీలవి. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే చోట లైబ్రరీ ట్రస్టు తన పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం దాటితే పనిచేయదేమోనని కొత్తది రాయించుకొని, జీపీఎల్ కింద అందరికీ ఇచ్చేసింది. పేరు కోహా. అక్కడి మావోరీ భాషలో కానుక అని అర్థం, మళ్లీ ఏదో రూపంలో తిరిగి ఇవ్వాలనే మర్యాద కూడా ఆ మాటలో ఉంటుంది. మన చదివింపుల లాంటిది. చదివించినవాళ్ల ఇంట్లో శుభకార్యం వస్తే మనమూ చదివించాలి కదా.

తర్వాత అమెరికాలో కోహాతో వ్యాపారం చేసే ఒక కంపెనీ 'కోహా' అనే పేరునే న్యూజిలాండ్‌లో ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడానికి పూనుకుంది. 2011లో సంగతి బయటపడితే, ఆ చిన్న లైబ్రరీ ట్రస్టు తను పుట్టించిన పేరు కోసం తన దేశంలోనే చందాలడిగి పోరాడాల్సి వచ్చింది. 2013లో తీర్పు ట్రస్టు వైపే వచ్చింది. కోడ్ అంతా తెరిచి ఉంది, జీపీఎల్ చెక్కుచెదరలేదు, అయినా ఇంత జరిగింది.

మన తెలుగునేల మీద తయారైంది న్యూజెన్‌లిబ్. హైదరాబాద్‌లోని కేశవన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ లైబ్రరీ జ్ఞానం ఇస్తే, వెరస్ సొల్యూషన్స్ అనే హైదరాబాద్ కంపెనీ సాఫ్ట్‌వేర్ రాసింది. మొదట అది అమ్ముడు సరుకు. 2008 జనవరి 9న జీపీఎల్ కింద ఓపెన్ సోర్స్ చేసినారు. లోపల దాచేది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. తెలుగుతో సహా మన లిపుల పుస్తకాలను యూనికోడ్‌లోనే కేటలాగు చేయవచ్చు. ఇది చదివినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. కానీ ఇప్పుడు లైబ్రరీల్లో ఎక్కువగా వినిపించే పేరు కోహా. రెండింటి లైసెన్సూ ఒకటే. నాకు తోచిన తేడా, కోహాను ఎన్నో దేశాల లైబ్రరీ వాళ్లు, ప్రోగ్రామర్లు కలిసి మోస్తున్నారు. న్యూజెన్‌లిబ్ భారం చాలావరకు పుట్టించినవాళ్ల భుజం మీదే ఉండిపోయింది. తలుపు తెరిచి పెట్టడం లైసెన్సు పని. జనం లోపలికి రావడం దాని చేతిలో లేదు.

ఇక సరుకు సంగతి

ఇంతదాకా చెప్పిందంతా పెట్టె గురించే. మన మాటలను పోస్ట్‌గ్రెస్‌లో పెట్టినా, మరియాడీబీలో పెట్టినా, ఆ లైసెన్సు మన మాటలకు అంటదు. ఓపెన్ సోర్స్ పెట్టెలో మూసిన సరుకు ఉండవచ్చు. బ్యాంకుల లెక్కలు అట్లనే ఉంటాయి. నా మూడో మాట, 'ఎవరూ తాళం వేయలేరు' అన్నది ఇక్కడ కూలిపోయింది. మాటల జాబితాకు లైసెన్సు మనమే విడిగా రాయాలి. రాయకపోతే? మన దేశపు కాపీరైటు చట్టం 1957 ప్రకారం, ఏమీ రాయకపోతే అన్ని హక్కులూ మూసినట్టే లెక్క. ఎవరైనా మంచివాళ్లు వాడుకోవాలన్నా మనల్ని వెతుక్కుంటూ రావాలి. అప్పటికి మనం ఎక్కడ ఉంటామో.

ఆ చట్టంలో తెలుగు విభాగం వాళ్లకు నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. సెక్షన్ 2(ఓ) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాములు, పట్టికలు, కంప్యూటర్ డేటాబేస్‌లు అన్నీ 'సాహిత్య కృతి' కిందకే వస్తాయి. మన సిలబస్‌లో ఎప్పుడు చేరుస్తారో.

అయితే ఒక మాట మీద ఎవరికైనా హక్కు ఉంటుందా? దీనికి దారి చూపించే తీర్పు ఒకటి దొరికింది. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో చెప్పింది. కోర్టు తీర్పులను పుస్తకాలుగా వేసే కంపెనీ, వాటిని సీడీలలో పెట్టి అమ్మినవాళ్ల మీద వేసిన కేసు అది. తీర్పు పాఠం ఎవరైనా వేసుకోవచ్చు, కష్టపడి పోగు చేసినంత మాత్రాన దాని మీద కాపీరైటు పుట్టదు, కానీ సంపాదకులు తమ బుద్ధి, నిర్ణయం వాడి చేర్చిన భాగాలకు రక్షణ ఉంటుంది అని కోర్టు తేల్చింది.

దీన్ని మన జాబితాకు అన్వయించి చూద్దాం. మా ఇంట్లో నాయన తెలుగు, అమ్మ కన్నడం. నాయన 'అనపకాయ' అంటే అమ్మ 'అవరెకాయి' అంటుంది. నానబెట్టి పొట్టు పితికి చేసేదాన్ని నాయన 'పితికిన పప్పు' అంటే, అమ్మ 'హితకిద బేళె' అంటుంది. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు, ఇక్కడా ప పోయి హ వచ్చింది. అనపకాయ అనే మాట ఎవరి సొత్తూ కాదు. కానీ దాని కింద మనం రాసిన అర్థం, ఉదాహరణ వాక్యం, ఇప్పుడు నేను చెప్పిన ప, హ సంగతి, ఇవి రాసినవాళ్లవి. అవ్వ పాడిన పాట రికార్డు చేస్తే అది ఇంకో రకం, పాడినవాళ్లకు కూడా చట్టంలో వేరే హక్కు ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం మనకు దారిదీపం లాంటిది. అందులో మాటలు రైతులవే, అయినా ఆ పుస్తకాన్ని దించి మన జాబితాలో పోయడానికి లేదు. అందులో ఉన్న మాట మన ఊళ్లో విని మనం రాసుకుంటే తప్పు లేదు. సి.పి. బ్రౌన్ నిఘంటువు మాత్రం కాపీరైటు దాటి ఎన్నో ఏళ్లు అయింది, అది ఎవరైనా వాడుకోవచ్చు.

సరుకుకు తగ్గ లైసెన్సులు కూడా ఉన్నాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటం వాళ్లు 2012 సెప్టెంబరులో డేటాబేస్‌ల కోసమే రాసిన ఓడీబీఎల్‌కు మారినారు. తెలుగు వికీపీడియా, విక్షనరీ వాడేది క్రియేటివ్ కామన్స్‌లో బై-ఎస్‌ఏ అనే రకం: పేరు చెప్పు, మార్చి పంచితే ఇదే షరతుతో పంచు. అన్ని హక్కులూ వదిలేసే రకమూ ఉంది, వికీడేటా అది వాడుతుంది.

మన గొడవ

ఇక్కడే మన క్లాసులో రెండు పక్షాలు అయినాయి. "ఏదో యాప్ కంపెనీ మన అవ్వల మాటలు తీసుకుపోయి అమ్ముకుంటే? వ్యాపారానికి వాడకూడదని రాద్దాం" అని ఒక పక్షం. అట్లాంటి లైసెన్సూ ఉంది. కానీ అది రాస్తే మన మాటలు విక్షనరీలోకి పోవు, వాళ్లు ఆ షరతు ఒప్పుకోరు. చిన్న ప్రెస్సు వాడు కోలారు మాటల పుస్తకం వేసి యాభై రూపాయలకు అమ్మాలన్నా కుదరదు. ఆలోచిస్తే ఇది మాంగోడీబీ గొడవే. పెద్దవాడిని ఆపాలని గోడ కడితే, మొదట ఆగిపోయేది చిన్నవాడు.

నా ఓటు బై-ఎస్‌ఏకు. రికార్డింగులను మాత్రం ఇప్పుడే బయట పెట్టవద్దు, గొంతు ఎవరిదో వాళ్లను విడిగా అడగాలి. ఫైలును సాదా యూనికోడ్ పాఠంగా కూడా ఒక కాపీ ఉంచాలి, ఏ డేటాబేస్ మారినా, మూతపడినా చదవడానికి వీలుగా. కాగితం మీద ప్రింటు ఒకటి బీరువాలో. మనల్ని ఈసారి కాపాడింది అదే కదా.

నా ఓటు వేసే ముందు నాకు ఒక చిక్కు వచ్చింది. మొదట్లో శ్రీనివాసపురం దగ్గర ఒక ఊళ్లో అవ్వ ఒకామె మాటలు చెబుతూ చెబుతూ ఆగి, "ఇవి రాసుకొని ఏం చేస్తారమ్మా, అమ్ముకుంటారా?" అని అడిగింది. "లేదవ్వా, ఎవరూ అమ్మరు" అన్నాను. బై-ఎస్‌ఏ పెడితే అమ్మవచ్చు. అంటే నేను ఇచ్చిన మాట తప్పినట్టే. లైసెన్సు గురించి ఇన్ని పేజీలు చదివిన తర్వాత ఆమెకు ఒక్క వాక్యంలో చెప్పాల్సి వచ్చింది.

పోయిన ఆదివారం మళ్లీ పోయినాను. "అవ్వా, నువ్వు చెప్పిన మాటలు అందరూ చూసేటట్టు పెడతాం. ఎవరైనా తీసుకోవచ్చు, పుస్తకం వేసి అమ్ముకోనూ వచ్చు. మేము వద్దనలేం. వద్దంటే చెప్పు, నీవి తీసేస్తాం" అన్నాను. ఆమె రాగులు చెరుగుతూ కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మితే అమ్ముకోనీ. నేను ఒకటి చెబితే వాళ్లు ఇంకొకటి రాయకుండా చూడు" అంది.

ఆ షరతు నేను చదివిన ఏ ఓపెన్ లైసెన్సులోనూ లేదు. మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వకపోతే అది ఓపెన్ కానే కాదు. మార్చితే మార్చినట్టు చెప్పాలనే షరతు బై-ఎస్‌ఏలో ఉంది, అంతవరకు ఆమెకు చెప్పినాను. తన పేరు వద్దంది, ఊరి పేరు వేయమంది. ఆమె చెప్పిన మాటలు, ఆమె ముందరే మళ్లీ చదివి సరిచూసుకొని, జాబితాలో ఎక్కించినాను. మిగతావాళ్లు రాసుకొచ్చిన మాటలకు కూడా ఇట్ల అడిగి రావడానికి ఒక చిన్న కాగితం రాసినాను. విభాగంలో మేడం బల్ల మీద పెట్టినాను, ఊరికి పోయేవాళ్లు తీసుకుపోండి.